నారింజ రంగు ఈల

ఫెజంట్ గుడ్డు పిల్ల కావడానికి 24 రోజులు పడుతుందని పెద్దాయన చెప్తే, "మా కోడికి ఇరవై ఒక్క రోజులే" అన్నాను. ఆయన చేతిలో పని ఆపి తలెత్తి నావైపు చూశారు. ఇంగ్లండు వచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. నా మాట విని ఒక మనిషి పని ఆపడం అదే మొదలు.

అది 1998 ఏప్రిల్. నార్ఫొక్‌లో, థెట్‌ఫర్డ్‌కి కొద్ది మైళ్ల దూరంలో, ఒక ఎస్టేట్ అంచున చెకుముకి రాళ్లతో కట్టిన చిన్న ఇంట్లో అద్దెకి ఉండేవాళ్లం. ఇసక నేల, వంకర్లు తిరిగిన పైన్ చెట్ల వరసలు, చక్కెర దుంప చేలు, ఎటు చూసినా కుందేళ్లు. మా వారు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తే మళ్లీ రాత్రికే. అమ్మకి ఉత్తరం రాయడం, వంట చేయడం, కిటికీ దగ్గర నిలబడడం, ఇదీ నా రోజు. పుట్టినప్పటి నుంచీ కోనసీమలో పదిమంది మధ్య పెరిగినదాన్ని. ఆ నిశ్శబ్దం నన్ను తినేసేది.

కిటికీలోంచి కనిపించేది గేమ్‌కీపర్ గారి ఇల్లు, వెనకాల కుక్కల కొట్లు, చెక్క షెడ్లు. గేమ్‌కీపర్ అంటే ఎస్టేట్‌లో వేట పక్షుల్ని పెంచి, నక్కల నుంచి కాపాడి, అక్టోబరు 1 నాటికి అడవిలో సిద్ధంగా ఉంచే మనిషి. అక్కడ ఫెజంట్ వేట ఆ రోజు మొదలై ఫిబ్రవరి 1తో ముగుస్తుంది. మిగతా ఎనిమిది నెలలూ ఆ నాలుగు నెలల కోసం చేసే చాకిరీ. ఆయనకి అరవై దాటాయి. అందరూ పేరు పెట్టి పిలిచేవారు. నన్నూ అలాగే పిలవమన్నారు గానీ తండ్రి వయసు మనిషిని పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. ఇక్కడా ఆ పేరు రాయను. మా ఇంట్లో మేం ఆయన్ని పెద్దాయన అనే అనుకునేవాళ్లం.

ఫెజంట్ అంటే కోడికీ నెమలికీ దగ్గరి చుట్టం. పుంజుకి రాగి రంగు ఒళ్లు, సీసాపచ్చ మెడ, మెడ చుట్టూ తెల్ల పట్టీ, కంటి చుట్టూ ఎర్రటి తోలు, మూరెడు తోక. పెట్ట ఎండుటాకు రంగులో ఉంటుంది, గడ్డిలో కూర్చుంటే పక్కనే నడుస్తున్నా కనపడదు. ఇంగ్లీషు పల్లె బొమ్మ ఏది వేసినా అందులో ఈ పక్షి ఉంటుంది గానీ ఇది ఆ నేలది కాదు. జార్జియాలో నల్లసముద్రంలో కలిసే ఓ నదికి పూర్వం ఉన్న ఫాసిస్ అనే పేరే దానికి వచ్చింది. తూర్పు నుంచి తెచ్చి వదిలితే అక్కడ నిలదొక్కుకుంది. ఆ సంగతి తెలిశాక దాని మీద నాకు ఇంకొంచెం ప్రేమ పెరిగింది.

ఇరవై ఒక్క రోజుల దగ్గర మొదలైన మాట ఆ మధ్యాహ్నమంతా సాగింది. ఆయన పదిహేనో ఏట, 1951లో పనిలో చేరినప్పుడు గుడ్లు పొదిగే ఈ ఇంక్యుబేటర్ మెషిన్లు లేవట. వసంతం రాగానే చుట్టుపక్కల ఊళ్లు తిరిగి పొదుగుకొచ్చిన కోడిపెట్టల్ని కొనుక్కొచ్చేవారట. వరసగా పెట్టెలు, పెట్టెకో కోడి, దాని కింద పదిహేను పైగా ఫెజంట్ గుడ్లు. రోజుకోసారి ఒక్కో కోడినీ దింపి, కాలికి తాడు కట్టి, మేతా నీళ్లూ పెట్టి, గుడ్లు చల్లారకముందే మళ్లీ ఎక్కించాలి. పిల్లలయ్యాక ఉడికించిన గుడ్డు చిదిపి, అన్నం మెతుకులు కలిపి పెట్టేవారట. నక్క భయానికి కీపర్లు ఆ పొలంలోనే పాకలో పడుకునేవారట.

నేను మా నాయనమ్మ గురించి చెప్పాను. పొదగేసే గుడ్ల మీద బొగ్గుతో గీత గీసేది, తరవాత పెట్టిన గుడ్డు కలిసిపోకుండా. గంపలో అడుగున గడ్డి, గడ్డి కింద ఓ ఇనుప ముక్క. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని. ఇనుప ముక్క మాట చెప్పగానే ఆయన నవ్వారు. వాళ్లమ్మ కూడా తుప్పు పట్టిన మేకు పెట్టేదట.

మర్నాడు పొద్దున్న ఆయన భార్య మా తలుపు కొట్టి, నా కాలికి సరిపోయే రబ్బరు బూట్లు చేతికిచ్చింది.

*

ఫిబ్రవరిలో వేట ముగియగానే అడవిలో మిగిలిన పక్షుల్లో కొన్నిటిని బోనులతో పట్టి, ఏడెనిమిది పెట్టలకి ఓ పుంజు చొప్పున దొడ్లలో పెడతారు. ఏప్రిల్‌లో గుడ్లు మొదలవుతాయి, లేత ఆలివ్ రంగులో, మన నాటుకోడి గుడ్డు కంటే చిన్నవి. రోజూ ఏరడం, తుడవడం, మెషిన్‌లో పేర్చడం, కొన్నాళ్లకి టార్చి ముందు పట్టి ఒట్టి గుడ్లు తీసేయడం. ఆ పని నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

మొదటి విడత పిల్లలు బయటికొచ్చిన రోజు ఇప్పటికీ కళ్ల ముందుంది. మెషిన్ తలుపు తీయగానే వెచ్చటి తడి వాసన, వందల గొంతుల కిచకిచ. అరచేతిలోకి తీసుకుంటే బరువే లేదు. చింతగింజంత తల, వీపు మీద ముదురు చారలు, గోళ్లు మాత్రం చర్మానికి గుచ్చుకుంటాయి. ఒక్కోదాన్ని తీసి ముక్కు ఒకసారి నీళ్లలో ముంచి వదలాలి, నీళ్లు ఎక్కడున్నాయో తెలియడానికి. ముంచగానే తల పైకెత్తి, కళ్లు మూసి, గుటక వేస్తుంది. ఆ ఒక్క గుటక చూస్తే చాలు, ఇది బతుకుతుంది అనిపించేది. కొన్ని వందల ముక్కులు ముంచాను ఆ రోజు. రాత్రి నిద్రలో కూడా వేళ్లు అలా కదిలాయని మా వారు చెప్పారు.

షెడ్డుకి మూడు వందల పిల్లలు, మధ్యలో గ్యాసు హీటరు, చుట్టూ హార్డ్‌బోర్డుతో గుండ్రటి తడక. మూల ఉంటే పిల్లలు మూలకే చేరతాయి. చలేసినా, బెదిరినా ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అడుగునవి ఊపిరాడక పోతాయి. తడక తీసేసే వయసొచ్చాక కూడా షెడ్డు నాలుగు మూలలకీ అడ్డంగా బోర్డు ముక్కలు పెట్టి గుండ్రం చేయాలి. ఒక సాయంత్రం ఊడ్చి శుభ్రం చేశాక నేను మూడు మూలలకే పెట్టాను. ఆ రాత్రి గ్యాసు అయిపోయింది. పొద్దున్న వెళ్లేసరికి నాలుగో మూలలో కుప్ప. పైనున్నవి లేచి పరిగెత్తాయి, అడుగునవి కదల్లేదు. నలభై ఒకటి.

పెద్దాయన కూర్చుని లెక్కపెట్టారు. జేబులోంచి పుస్తకం తీసి తారీఖు, అంకె రాసుకున్నారు. నేను ఏడుస్తూ నిలబడితే, రేపట్నుంచి నాలుగు మూలలూ చెయ్యిపెట్టి తడిమి చూసుకో అన్నారు. అంతే. మళ్లీ ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. ఆ తరవాత నేను పెంచిన ఏ ఏడూ మూలలు తడమకుండా తలుపు వేయలేదు. ఇప్పటికీ రాత్రి ఇంట్లో గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుంటాను.

ఆరేడు వారాలకి పిల్లలు అడవికి వెళ్తాయి. చెట్ల మధ్య మనిషెత్తు వలకంచె, లోపల పొదలు, ఎండపడే చోటు, నీళ్లు. రెండు రెక్కల్లో ఒక రెక్క ఈకలు కత్తిరిస్తాం, కొన్ని వారాలు ఎగిరిపోకుండా. తరవాత ఎగిరి బయటపడ్డవి రాత్రికి లోపలికి రావడానికి కంచె అడుగున చేపల మావులాంటి దారులుంటాయి, ఇరుగ్గా, నక్క దూరకుండా ఇనుప కమ్మీలతో. ఆ రోజుల్లో సాయంకాలం నాకు చాలా ఇష్టం. చీకటి పడుతుంటే పిల్ల పక్షులు కొమ్మల కేసి చూస్తాయి. ఎక్కాలని ఉంటుంది, తెలియదు. ఒకటి ఎక్కుతుంది, పడుతుంది. నేల మీదే పడుకున్నది నక్క పాలు. మొదటి పక్షి కొమ్మ మీద నిలదొక్కుకుని "కక్ కక్" అంటే పక్క చెట్టు నుంచి ఇంకోటి అందుకుంటుంది. అలా అడవంతా పాకుతుంది ఆ కూత. పెద్దాయన కంచె గుంజకి ఆనుకుని వింటూ నిలబడేవారు. పూర్తిగా సద్దుమణిగాకే ఇంటికి కదిలేవారు.

మేత వేసేటప్పుడు ఆయన ఈల వేసేవారు, ఎప్పుడూ ఒకటే బాణీ. గోధుమ గింజలు చల్లుతూ నడుస్తుంటే పొదల్లోంచి పదులు, వందలు పరిగెత్తుకొచ్చేవి. నాకది చూస్తే సంతోషంగానూ ఉండేది, లోపల ఏదో కలుక్కుమనేది కూడా. ఈ ఈల నమ్మి వచ్చేవాటినే కదా నవంబరులో తుపాకుల మీదుగా లేపేది.

ఒకసారి అడిగేశాను. మా పెదనాన్న పందెం కోళ్లకి బాదంపప్పు తినిపించేవారు, రాత్రి లేచి దుప్పటి కప్పేవారు, సంక్రాంతికి కత్తి కట్టేవారు. చిన్నప్పుడు నేను ఏడిస్తే, మనం పెంచకపోతే అది పుట్టేదే కాదమ్మా అనేవారు. అదే మాట మీరూ అంటారా అని పెద్దాయన్ని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, నేను అలా అనను, పుట్టించినవాడికి ఎక్కువ బాధ్యత ఉంటుంది, దెబ్బతిన్న పక్షి ఒక్కటి కూడా రాత్రంతా పొదలో పడి ఉండకూడదు, కుక్కలున్నది అందుకు అన్నారు.

కుక్క సంగతి అక్కడ మొదలైంది.

*

1999 మార్చిలో ఆయన నల్ల లాబ్రడార్‌కి ఆరు పిల్లలు పుట్టాయి. ఎనిమిది వారాలు నిండాక అన్నిటికంటే చిన్నదాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టారు. చిన్ని అని పేరు పెట్టాను. ఆయనకి నోరు తిరగక జిన్నీ అనేవారు. రెంటికీ పలికేది.

వేట కుక్కకి ఏ భాషైనా ఒకటే, మాట చిన్నదిగా ఉంటే చాలన్నారు. అందుకని నార్ఫొక్ పల్లెలో మా చిన్ని తెలుగులో నేర్చుకుంది. రా. కూచో. తే. ఈల మాత్రం ఆయన కొనిపెట్టారు, నారింజ రంగు ప్లాస్టిక్‌ది, బర్మింగ్‌హామ్‌లో చేసే ఆక్మీ 210½. ఆ అంకె ఉన్న ఈలలన్నీ ఒకే స్వరం పలుకుతాయి. ఒకటి పోతే ఇంకోటి కొనుక్కుంటే కుక్కకి తేడా తెలియదు. ఆయన మెడలో ఉన్నది మాత్రం గేదె కొమ్ముతో చేసిన పాత ఈల. దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తే మా దొడ్లో గేదె గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

ఒక్క నిడుపాటి ఊత, ఆగి కూర్చో. వరసగా చిన్న ఊతలు, తిరిగి రా. ఈలతో పాటు చెయ్యి: అరచెయ్యి ఎదురుగా పైకెత్తితే ఆగమని, గుళ్లో దేవుడి అభయహస్తంలాగా. చెయ్యి కుడికి చాస్తే కుడికి, ఎడమకి చాస్తే ఎడమకి. రోజుకి పది నిమిషాలే. కుక్కకి ఇంకా ఆడాలని ఉన్నప్పుడే ఆపేయాలి.

నేను అనుకున్నది వేట కుక్క గొప్పతనం పరుగులో ఉందని. కాదు. కదలకుండా కూర్చోవడంలో ఉంది. గుడ్డతో కుట్టిన మూట విసిరి, చిన్నిని కూర్చోబెట్టి, నేనే నడిచి వెళ్లి తెచ్చుకోవాలి. రెండుసార్లు విసిరితే ఒకసారే దాన్ని పంపాలి. పక్షి పడగానే ఉరికే కుక్క మిగతా పక్షుల్ని లేపేస్తుంది, తుపాకీకి అడ్డం పడుతుంది. ఒళ్లంతా వణుకుతున్నా, గొంతులోంచి సన్నటి మూలుగు వస్తున్నా, పిర్రలు నేల నుంచి లేవకూడదు. ఇంకోటి నోరు. పట్టిన పక్షికి పంటిగాటు పడకూడదు. చిన్నికి ఆ నోరు పుట్టుకతో వచ్చింది. ఒకరోజు కోళ్ల గూటిలో గుడ్డు ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టింది. తడిగా, వెచ్చగా, చిట్లకుండా.

తుపాకీ చప్పుడు అన్నిటికంటే చివర్న, చాలా మెల్లగా అలవాటు చేయాలి. మేత తినే వేళ వంద గజాల అవతల చిన్న పిస్తోలు పేల్చడం, కొన్ని వారాల మీద దగ్గరికి జరగడం. ఆ పని ఇంకా మొదలుపెట్టలేదు. నవంబరు 5 రాత్రి, అక్కడ ఊరూరా మంటలేసి బాణసంచా కాలుస్తారు. మన దీపావళి దగ్గర్లోనే వస్తుంది. నాకు ఇల్లు గుర్తొచ్చి చూద్దామని వెళ్లాను. ఎనిమిది నెలల చిన్నిని కూడా తాడు పట్టుకుని తీసుకెళ్లాను. మొదటి అవుటు తల మీద పేలగానే తాడు తెంపుకుని పోయింది. రాత్రి రెండింటికి పెద్దాయన దుంపల చేను గట్టున కాలవలో పట్టుకొచ్చారు. ఆయన కోటులో దాని ఒళ్లు ఇంకా ఎగిరిపడుతూనే ఉంది.

ఆ తరవాత కారు తలుపు గట్టిగా వేసినా బల్ల కిందికి దూరేది. రెండేళ్లు ప్రయత్నం చేశాం. తుపాకీకి బెదిరిన కుక్క తిరగడం అరుదని ఆయనకి తెలుసు. అయినా నా కోసం ప్రయత్నించారు. వేట రోజున మిగతా కుక్కలు బండెక్కుతుంటే చిన్ని కిటికీలోంచి చూసేది. ఎరువుల సంచీ ముక్క కర్రకి కట్టిన జెండాతో నేను బీటర్ల వరసలో నడిచేదాన్ని, చెట్ల మొదళ్లు కొడుతూ పక్షుల్ని లేపుతూ. దూరంగా ఎనిమిది తుపాకులు మోగితే, మా ఇంట్లో బల్ల కింద అది ఎలా ముడుచుకుని ఉంటుందో అనుకునేదాన్ని.

దానికి పని వెతికిపెట్టింది కూడా పెద్దాయనే. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఫెజంట్లు కంచె దాటి పక్క పొలాలకి నడిచిపోతుంటాయి. రోజూ పొద్దున్న కుక్కతో హద్దుల వెంట తిరిగి వాటిని మెల్లగా అడవి వైపు మళ్లించాలి. అక్కడ తుపాకులుండవు. చిన్ని ఆ పనిలో ఆరితేరింది. ఇంకా ముఖ్యమైనది వేట మర్నాడు ఉదయం. ఎన్ని కుక్కలు వెతికినా రెక్క విరిగి నడిచిపోయిన పక్షి ఒకటో రెండో మిగులుతుంది. పొద్దు పొడవగానే ఆయన, నేను, చిన్ని బయల్దేరేవాళ్లం.

ఒక డిసెంబరు ఆదివారం. ఆదివారం అక్కడ వేట ఉండదు, అడవి ప్రశాంతంగా ఉంది. గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. చిన్ని ఒకచోట ముక్కు దించి, తోక తీరు మార్చి, ముళ్ల పొదలోకి దూరింది. చాలాసేపు కొమ్మల అలికిడి తప్ప ఏమీ లేదు. నేను ఈల నోట్లో పెట్టుకుంటే పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపారు. దానికి తెలుసు, నీకు తెలియదు, ఊరుకో అన్నట్టుగా. ఇంకాసేపటికి వెనక్కి నడుస్తూ బయటికొచ్చింది. మూతి నిండా ముళ్ల గీతలు, చెవి నుంచి నెత్తురు. నోట్లో పుంజు ఫెజంట్, తల పైకెత్తి, కళ్లు తెరిచి, బతికే ఉంది. ఒక్క ఈక నలగలేదు. నా ముందు కూర్చుని పైకి చాపింది. పెద్దాయన దాన్ని తీసుకుని అటు తిరిగి ఒక్క క్షణంలో దాని బాధ తీర్చారు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని చిన్ని చెవి తన రుమాలుతో తుడిచారు. కుక్కని మెచ్చుకుంటూ ఆయన ఎక్కువ మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కరోజే.

*

బీటర్లకి సాయంత్రం కవరులో కొంచెం డబ్బు, తాడుతో మెడలు కట్టిన ఓ జత పక్షులు ఇచ్చేవారు. అక్కడివాళ్లు చల్లటి కొట్లో కొన్ని రోజులు వేలాడదీసి వండుకుంటారు. నాకు మనసొప్పేది కాదు, ఆ రాత్రే ఈకలు పీకేసేదాన్ని. కొవ్వు తక్కువ మాంసం, వేపితే పీచులా అవుతుంది. మా నాటుకోడిలాగే గసగసాలు, కొబ్బరి నూరిపోసి సన్నటి సెగ మీద పులుసు పెట్టేదాన్ని. ప్రతి సంక్రాంతికీ ముసలి దంపతులిద్దరూ మా ఇంటికే భోజనానికి వచ్చేవారు. పంటికింద సీసపు గుండు తగిలితే పళ్లెం అంచున పెట్టేవాళ్లం, చేప ముల్లు పెట్టినట్టు.

అలాంటి ఒక భోజనం తరవాతే ఎల్వెడన్ తీసుకెళ్లారు. థెట్‌ఫర్డ్‌కి ఆనుకుని ఉంటుంది ఆ ఎస్టేట్. ఒకప్పుడు పంజాబు చివరి మహారాజు దులీప్ సింగ్‌ది. రాజ్యం పోయాక పదిహేనేళ్ల వయసులో ఇంగ్లండు చేర్చారు. 1863లో ఎల్వెడన్ కొన్నాడు, దేశమంతటా పేరు మోగిన వేట ఎస్టేట్‌గా మార్చాడు. 1893లో పారిస్‌లో పోతే తెచ్చి ఆ చర్చి పక్కన పాతిపెట్టారు. పెద్దాయన ముత్తాత ఆ రాజు దగ్గర బీటర్‌గా వెళ్లేవాడని ఇంట్లో చెప్పుకునేవారట. సమాధి రాయి ముందు ఆయన టోపీ తీసి నిలబడ్డారు. నేను చెప్పులు విప్పబోయి, చలికి బూట్లున్నాయని గుర్తొచ్చి, చేతులు జోడించాను.

ఆయన 2003లో పని మానేశారు. కొత్త కీపర్ మంచివాడే, పిల్లల్ని ఫారం నుంచి కొనేవాడు. షెడ్లలో ఏప్రిల్ కిచకిచ ఆగిపోయింది. నాకు ఊళ్లో ఉద్యోగం దొరికింది, పిల్లలు పుట్టారు. చిన్ని మాత్రం ఏటా హద్దుల వెంట తిరుగుతూనే ఉంది, మూతి నెరిసేదాకా.

2011 జనవరి చివరి శనివారం. సీజన్ ఆఖర్న బీటర్లకే తుపాకులిచ్చి వేట ఆడనిచ్చే రోజు. పెద్దాయనకి డెబ్బై అయిదు, కర్ర మీద నడుస్తున్నారు. అడవి చివర మడత కుర్చీ వేసుకుని చూస్తున్నారు. చిన్నికి పన్నెండేళ్లు కావస్తున్నాయి. అంతకు ముందు ఏడాది నుంచే చెవులు వినపడడం మానేశాయి. ఇంట్లో ఒక్కదాన్నే వదలలేక వెంట తీసుకెళ్లాను, మొదటి చప్పుడుకే వెనక్కి తెచ్చేద్దామని.

మొదటి తుపాకీ పేలింది. తాడు గట్టిగా పట్టుకున్నాను. చిన్ని గాలి వాసన చూస్తోంది. రెండోది, మూడోది. తలెత్తి ఆకాశంలో పక్షిని చూసింది, అది ఒరిగి దుంపల చేలో పడడం చూసింది. ఒళ్లంతా సన్నగా వణికింది. పిర్రలు నేల నుంచి లేవలేదు.

పెద్దాయన నావైపు చూసి తాడు విప్పమని సైగ చేశారు. నా చేయి అలవాటుగా మెడలోని నారింజ రంగు ఈల మీదికి పోయింది, వదిలేశాను. చిన్ని ఆయన్నే చూస్తోంది. ఆయన కర్ర కుర్చీకి ఆనించి, అరచెయ్యి ఎదురుగా ఎత్తి కాసేపు అలాగే ఉంచారు. ఆ తరవాత చెయ్యి దుంపల చేను వైపు చాచారు.

పరుగు కాదు, కుంటుతూ నడక. సాలు వెంట వెళ్లింది, వాసన పట్టింది, పక్షిని ఎత్తింది. తిరిగి వచ్చి నన్ను దాటి ఆయన కుర్చీ ముందు కూర్చుంది.